గట్టు అంచు దాకా

వంతు వచ్చిందని తెర మీద చిన్న వాక్యం ఒకటి కనిపించేసరికి ఆమెకు సంతోషం కలగలేదు. పొద్దుటి నుంచి ఎదురుచూసింది ఈ వాక్యం కోసమే. కింది అంతస్తులో, తలుపు తీస్తే ఎముకలు కొరికే చలి కొట్టే గదిలో, బీరువాల్లాంటి నల్లటి పెట్టెల్లో వందల కంప్యూటర్లు వరసగా నిలబడి ఉంటాయి. క్లస్టర్ అంటారు దాన్ని. ఈ సంస్థలో లెక్కలు చేసేవాళ్ళందరికీ ఉమ్మడి సొత్తు. కుళాయి దగ్గర బిందెలు పెట్టి ఇంటికి పోయినట్టు ఎవరి పని వాళ్ళు వరసలో పెట్టి వెళ్ళిపోవాలి. వంతు వచ్చినప్పుడు అదే చేసి పెడుతుంది, ఫలితం ఎప్పుడో చేతికొస్తుంది. తప్పు వెతకాలంటే మాత్రం అలా కుదరదు. యంత్రాన్ని ఎదురుగా కూర్చోబెట్టుకొని, ఇక్కడ ఆగు, నీ చేతిలో ఏముందో చూపించు, ఇంకొక్క అడుగు వెయ్యి, అని ఒక్కో ప్రశ్నా అడగాలి. దానికి వేరే రకం వంతు ఉంది, ఇంటరాక్టివ్ సెషన్. గంటకు మించి ఇవ్వరు. గంట కాగానే మాట మధ్యలో ఉన్నా గొంతు నొక్కేస్తుంది. ఆ గంట ఇప్పుడే మొదలైంది, ఆమె వేళ్ళు మాత్రం కీబోర్డు మీద కదలడం లేదు.

తప్పు కనిపిస్తే ఏం చెయ్యాలో అని భయం, కనిపించకపోతే ఏమవుతుందో అని అంతకన్నా భయం. కిటికీ బయట ఎండ కాస్తోంది. అదొక వింత. ఎక్కడో ఎగువన కొండల్లో కుండపోతగా కురిసిన వాన ఇక్కడి ఆకాశానికి పట్టనే లేదు, నీలంగా, శుభ్రంగా, ఏమీ ఎరగనట్టుంది. వీధిలో జనం చేతులూపుకుంటూ నడుస్తున్నారు. పొద్దున సంస్థ పంపిన వరద సూచనలో నది గట్టుకు ఇంకా మనిషెత్తు కింద నీళ్ళు ఆగిపోతాయని, లోతట్టు వీధులకు ప్రమాదం లేదని ఉంది. ఆ అంకె ఆమె రాసిన ప్రోగ్రాం చెప్పిన అంకె. కానీ నిన్న మధ్యాహ్నం గట్టు దగ్గర కొలబద్ద చూసే మనిషి ఫోన్ చేసి చెప్పిన మట్టం, ఆ వేళకు ప్రోగ్రాం ఉంటుందన్న మట్టం కన్నా జానెడు ఎక్కువ. జానెడే కదండీ, అన్నాడు పక్క సీటు ఆయన బిస్కెట్ పొట్లం విప్పుతూ, నదికి జానెడు ఒక లెక్కా. నిజమే, లెక్క కాదు. ఆమె కూడా అలాగే అనుకొని ఉండేది, తన బల్ల మీది కంప్యూటర్‌లో గట్టు దగ్గరి ముక్క ఒక్కటీ వేసి చూడకపోతే. అది జానెడు ఎక్కువే చూపించింది. అదే ప్రోగ్రాం, అదే వాన, ఒక అక్షరం మారలేదు. చిన్న కంప్యూటర్ ఒక మాట చెబుతోంది, కింది గదిలో వందల కంప్యూటర్లు కలిసి ఇంకో మాట చెబుతున్నాయి. వందమంది చెప్పిన మాటే నిజమనుకోవడం సుఖం. ఆ సుఖంలోనే పొద్దున సూచన వెళ్ళిపోయింది.

వేళ్ళు ఎలాగో కదిలాయి. ప్రోగ్రాం మొదలైంది, తెర మీద వరసలు పాకాయి. నిన్న ఆమె చేసిన మొదటి పని అందరూ చేసేదే, అనుమానం ఉన్న చోటల్లా అంకెల్ని అచ్చు వెయ్యమని ప్రోగ్రాంలో రాసి వరసలో పెట్టింది. ఫలితం వచ్చింది, చూస్తే తప్పు లేదు. ఆ అచ్చు వరసలు తీసేసి మళ్ళీ పెడితే తప్పు ఉంది. చూస్తున్నంతసేపు లేదు, కళ్ళు తిప్పుకోగానే ఉంది. అప్పుడే ఆమెకు మొదటిసారి నిజంగా భయం వేసింది, చీకటి గదిలో ఎవరో ఊపిరి బిగబట్టి నిలబడ్డారని తెలిసినప్పటి భయం. దొంగ కూడా అంతే కదా, దీపం వేస్తే బల్ల కిందకి పోతాడు, తీసేస్తే లేస్తాడు. దొంగ అనుకోగానే గట్టు కింద పిన్ని ఉండే సందు గుర్తొచ్చింది, గుర్తు రాకూడదని ఎంత అనుకున్నా. పోయినేడు ఇలాంటి రోజే. నీళ్ళు తప్పకుండా వస్తాయని ఈమే పిన్నికి ఫోన్ చేసింది, అడ్డంగా వాదించింది, నా మాట మీద నమ్మకం ఉంటే లేవండి అంది. పిన్ని లేచింది, పిన్ని లేస్తే సందంతా లేచింది, పిల్లల్నీ పరుపుల్నీ మోసుకుంటూ మెట్ట మీది బడికి పోయి రెండు రోజులు పడుకున్నారు. ఎగువన వాన ఆగిపోయింది. నీళ్ళు గట్టు మొహం కూడా చూడలేదు. తిరిగొచ్చేసరికి ఖాళీ ఇళ్ళల్లో దొంగలు పడి ఊడ్చుకుపోయారు. గడియారాలు బాగుచేసే ఆయన కొట్టులో ఊళ్ళోవాళ్ళు ఇచ్చిన గడియారాలు ఒక్కటి మిగల్లేదు. ఎవరికని సమాధానం చెబుతాడు, కొట్టు మూసేశాడు, ఇప్పుడు తాళం వేసిన ఆ తలుపు ముందే స్టూలు వేసుకొని కూర్చుంటాడు. ఈమె ఆ సందులోకి వెళితే ఆయన తిట్టడు. నవ్వి, నీళ్ళమ్మాయ్, ఇవాళ గొడుగు తెచ్చుకోనా అంటాడు. సందులో పిల్లలు కూడా ఆ పేరే పట్టుకున్నారు, నీళ్ళమ్మాయ్ వచ్చింది, పడవ తీయండ్రా. ఆ నవ్వులన్నీ ఆమె చెవుల్లోనే ఉన్నాయి. మళ్ళీ ఫోన్ చేసి మళ్ళీ లేవండి అంటే. మళ్ళీ రాకపోతే. అనకపోతే, వస్తే.

ఫోన్ మోగింది. ఉలిక్కిపడి చూస్తే క్లస్టర్‌ని చూసుకునే పెద్దాయన, అందరూ వెనకాల తాళాలాయన అంటారు.

"ఏమ్మా, ఒక్కదానివే అన్ని యంత్రాలు పట్టుకున్నావు. తప్పులు వెతకడానికి రెండు చాలవూ?"

"చాలవండి. రెండిటి మీద వేస్తే తప్పు రావడం లేదు. ఎక్కువ ఉంటేనే వస్తోంది."

"బాగుంది, జనం ఎక్కువైతే గొడవ ఎక్కువని యంత్రాలక్కూడా తెలిసిపోయిందన్నమాట. సరే, నీ వెనకాల ఒకావిడ కాచుకొని ఉంది. పక్షుల రెక్కల మీద గాలి లెక్కలట. పొద్దుటి నుంచి నన్ను తినేస్తోంది."

"ఇంకో గంట పొడిగిస్తారా? సూచన సంగతి."

"పొద్దున సూచన వెళ్ళిపోయింది కదమ్మా. ఏమీ లేదనేగా పంపారు?"

"అవునండి."

"మరి?"

అనుమానంగా ఉందండి అని నోటిదాకా వచ్చింది, కానీ అనుమానం అన్న మాట అనగానే అది సంస్థంతా పాకుతుంది, పాకితే పైవాళ్ళ దాకా పోతుంది, పోయాక తప్పు లేదని తేలితే నీళ్ళమ్మాయ్ అన్న పేరు సందు దాటి ఇక్కడికీ వస్తుంది. "ఏం లేదండి, సరిచూసుకుంటున్నా," అంది. గంట పొడిగించాలంటే డైరెక్టర్ గారి మాట కావాలని, ఆయన విమానంలో ఉన్నారని, దిగాక అడుగుతానని చెప్పి ఆయన పెట్టేశాడు. ఆమె తన పిరికితనానికి తానే ఆశ్చర్యపోయింది. ఒక్క మాట చెబితే ఇచ్చేవాడేమో. మళ్ళీ చెయ్యనా. చెయ్యి ఫోన్ దాకా పోయి వెనక్కొచ్చింది. ఈలోగా తెర మీద నది ఎక్కుతోంది.

లెక్కలోని నది, నిజం నది కాదు. పటాన్ని అడ్డంగా ముక్కలు కోసి ఒక్కో ముక్కా ఒక్కో కంప్యూటర్‌కి పంచిపెట్టిన నది. తన ముక్కలో నీళ్ళెంత లేచాయో ప్రతి కంప్యూటరూ లెక్కేసుకొని, అంచున ఉన్న మట్టం పక్కవాడికి కబురు పంపాలి. ఆ కబురు అందాకే పక్కవాడు తన అంచు లెక్క చెయ్యాలి. గోడకు అటూ ఇటూ ఉన్న రెండు ఇళ్ళవాళ్ళు మాట్లాడుకున్నట్టు. పిన్ని ఇంటికీ పక్కింటికీ మధ్య గోడ అలాంటిదే, పలచన. పిన్ని కుట్టుమిషన్ ఆగితే పక్కింటావిడ అటునుంచి, దారం తెగిందా అని అడిగేది. ఆరేళ్ళప్పుడు ఒక మధ్యాహ్నం ఆ గోడ అటునుంచే మొదటి అరుపు వినబడింది. ఏమిటో తెలియలేదు. ఈమె నేల మీద పడుకొని ఉంది, బట్ట ముక్కలతో బొమ్మకు లంగా చుడుతూ. తలుపు కిందనుంచి నీళ్ళు వచ్చాయి. చప్పుడు లేదు, ఉరకలు లేవు, కథల్లో చెప్పినట్టు హోరు లేదు. సన్నగా, నాలుక చాపినట్టు వచ్చి ఒక్క క్షణం ఆగి, చుట్టూ చూసుకున్నట్టు రెండు పాయలై మళ్ళీ కదిలాయి. గుమ్మం దగ్గర చెప్పులు ముందు లేచాయి. చెప్పులు వాటంతటవే తిరగడం చూసి ఆమె నవ్వింది కూడా. పిన్ని వచ్చి చంకలో ఇరికించుకొని బట్టలు కత్తిరించే బల్ల మీద పడేసి, కదిలావంటే చంపేస్తా అంది. అమ్మ పోయాక తనను పెంచింది పిన్నే, అంతకుముందెప్పుడూ చంపేస్తా అన్న మాట పిన్ని నోట వినలేదు. బల్ల మీదనుంచి చూస్తుంటే మిషన్ తొక్కే పలక మునిగింది, చక్రం సగం మునిగింది. ఎంతదాకా వస్తాయి పిన్నీ అంటే పిన్ని చెప్పలేదు, పిన్నికీ తెలియదు. ఎవరికీ తెలియదు. ఎంతదాకా వస్తాయో ముందే చెప్పేవాళ్ళు లోకంలో ఒక్కరన్నా ఉండాలని ఆ బల్ల మీద అనిపించిందో, పెద్దయ్యాక అలా అనిపించిందని అనుకుందో, ఇప్పుడు విడదీసి చెప్పలేదు.

గట్టు దగ్గరికి నది వచ్చింది. ఆ చోటు సరిగ్గా రెండు ముక్కల అతుకు మీద ఉంది. ఈ సంగతి నిన్నటి దాకా ఆమె గమనించనే లేదు, పటం కోసింది ప్రోగ్రాం, తను కాదు. అచ్చు వెయ్యమంటే దాక్కునేదాన్ని పట్టుకోవాలంటే అడగకుండా, ఆపకుండా, పరిగెత్తనిచ్చి, అతుకు లెక్క అయిపోయిన మరుక్షణం ఇద్దర్నీ ఒక్కసారి కదలకుండా నిలబెట్టాలి. నిలబెట్టింది. పై ముక్క కంప్యూటర్‌ని అడిగింది, గట్టు దగ్గర నీటిమట్టం ఎంత. చెప్పింది. కింది ముక్క కంప్యూటర్‌ని అడిగింది, అదే గట్టు, అదే చోటు, నువ్వు ఎంత అనుకొని లెక్క చేశావు. చెప్పింది. రెండు అంకెలూ ఒకటి కావు.

కళ్ళు చికిలించి మళ్ళీ చదివింది. ఒకే నీళ్ళు, గోడకు అటొకలా ఇటొకలా. కింది ముక్క చేతిలో ఉన్నది లెక్కలో వెనకటి అడుగు నాటి మట్టం, అంటే పాత కబురు. కొత్త కబురు దారిలో ఉండగానే అది తొందరపడి పాత కబురుతో లెక్క చేసేసింది. నీళ్ళు నిలకడగా ఉన్న రోజుల్లో పాత కబురుకీ కొత్త కబురుకీ తేడా ఉండదు, అందుకే ఇన్నాళ్ళూ బయటపడలేదు. నీళ్ళు లేస్తున్నప్పుడు మాత్రం ప్రతి అడుగులోనూ కాస్త తక్కువ, కాస్త తక్కువ, ఆ కాస్తలన్నీ కూడి జానెడు, జానెడ్లు కూడి. తక్కువ కంప్యూటర్లుంటే కబుర్లు వేగంగా అంది తప్పు రాదు, అచ్చు వేస్తే ఆలస్యమై ఆ ఆలస్యంలో కబురు అంది తప్పు రాదు. అన్నీ సరిపోయాయి. మరి ఎవరి తొందర ఇది. కబురు అందేదాకా ఆగు అన్న వాక్యం వెనకటి ప్రోగ్రాంలో అంచు లెక్కకు పైన ఉండేది. వానలు మొదలవకముందు ప్రోగ్రాం వేగం పెంచమంటే ఈమే దాన్ని కిందికి జరిపింది. ఊరికే నిలబడే కాలం ఎందుకు వృథా, కబురు వచ్చేలోగా మిగతా పని చేసుకోవచ్చు కదా అని. మిగతా పనితో పాటు అంచు లెక్క కూడా పైకి పోయిందని చూసుకోలేదు. వేగం రెట్టింపైంది. సమావేశంలో డైరెక్టర్ గారు చప్పట్లు కొట్టించారు. పక్క సీటు ఆయన, మా కళ్ళు తెరిపించావమ్మా అన్నాడు. ఒక్క వాక్యం. రెండు వరసలు కిందికి.

మళ్ళీ ఫోన్. ఈసారి పిన్ని. ఎత్తకూడదనుకుంటూనే ఎత్తింది.

"ఏమే, మీ బుజ్జిదాని గౌనుకి చేతులు పొడుగు పెట్టనా, పొట్టి పెట్టనా? ఇక్కడ కత్తెర పట్టుకొని నిలబడ్డా."

"ఏదైనా పెట్టు పిన్నీ."

"ఏదైనా ఏంటి, తర్వాత నువ్వే అంటావు పిల్లకి చలేస్తోందని. పొడుగే పెడతా." మిషన్ చప్పుడు, వెనకాల ఎవరో నవ్వుతున్నారు, రేడియోలో ఏదో పాట. "గొంతేంటి అలా ఉంది?"

"ఏం లేదు. పనిలో ఉన్నా."

"తిన్నావా?"

"తిన్నా."

"అబద్ధం," అంది పిన్ని. "సరే, పని చూసుకో." పెట్టేసింది.

చెప్పి ఉండాల్సింది. ఏమని. ఏదో తప్పుందని తెలిసింది గానీ, తప్పు లేకపోతే నీళ్ళు ఎంతదాకా వస్తాయో తెలియలేదు కదా. గట్టు దాటకపోవచ్చు, మనిషెత్తు ఖాళీ ఉంది, అందులో సగం పోయినా ఇంకా సగం ఉంటుంది. అలా అనుకోవాలని ఎంత ఆశ. వాక్యాన్ని పైకి జరిపింది, వేళ్ళు తడబడి ఒకసారి వేరే వరస చెరిగిపోయింది, మళ్ళీ తెచ్చింది, ప్రోగ్రాంని యంత్రానికి అర్థమయ్యేలా కొత్తగా కట్టమంది. కట్టేంతసేపు తెర మీద ఏవేవో పేర్లు దొర్లాయి. ఎంత మిగిలిందో చూడాలంటే భయమేసి గంట అంకె మీద కాగితం ముక్క అడ్డం పెట్టింది, మరీ చిన్నపిల్ల చేష్టలా అనిపించి తీసేసింది. పక్క సీటు ఆయన టీ తాగుతారా అని అడుగుతున్నాడు, పెదవులు కదులుతున్నాయి, ఆమె తల ఊపింది, అవునన్నట్టో కాదన్నట్టో తనకే తెలియదు. లెక్క మళ్ళీ మొదలైంది. ఇప్పుడు అన్నీ ఆగి, కబురు విని, అప్పుడు కదులుతున్నాయి. అందుకే మెల్లగా. ఇంత మెల్లగానా ఇది నడిచేది, ఇదివరకంతా ఇలాగే నడిచేదా, ఎవరికీ తొందర లేని కాలం ఎలా ఉండేదో. గట్టు దగ్గర మట్టం ఒక్కటే చూపించమంది. లేస్తోంది. పొద్దున సూచనలో ఎక్కడ ఆగుతుందన్నామో అక్కడికొచ్చింది, ఆగలేదు. దాటింది. ఆ దాటడం తెర మీద ఏమీ ప్రత్యేకంగా కనిపించలేదు, ఒక అంకె పోయి ఇంకో అంకె వచ్చింది, అంతే. ఆమెకు మాత్రం పలక మునిగినట్టు, చక్రం మునుగుతున్నట్టు. ఆగు, ఆగు, అంటోంది లోపల్లోపల, ఎవరిని ఆగమంటోందో, నీళ్ళనా, గంటనా. నీళ్ళు ఆగితే చాలు, నన్ను ఏమన్నా అననీ, ఉద్యోగం పోతే పోనీ, పిన్ని దగ్గర బొత్తాలు కుట్టుకుంటా. లేస్తోంది. గట్టు అంచు ఎత్తు ఎంతో ఆమెకు కంఠతా వచ్చు, కూతురి పుట్టినరోజు మర్చిపోయినా అది మర్చిపోదు. దానికి ఇంకా బెత్తెడు ఉందనగా, అంకె ఇంకా పెరుగుతూనే ఉండగా, తెర ఒక్కసారి ఖాళీ అయింది. మీ సమయం ముగిసింది అని ఒక వరస, దాని కింద ఆమె పేరు, మినుకుమినుకుమంటూ ఒక గీత. అంతే.

కింది గదిలో ఆ యంత్రాలు ఈపాటికి పక్షి రెక్కలు ఆడిస్తూ ఉంటాయి. సరిచేసిన ప్రోగ్రాంని మామూలు వరసలో పెట్టింది, ముందు ఎందరున్నారో చూస్తే సాయంత్రం దాకా వంతు రాదు. బెత్తెడు. అక్కడికొచ్చి ఆగిపోయి ఉండొచ్చు. అన్ని నదులూ ఎక్కడో ఒకచోట ఆగుతాయి. పోయినేడు ఎంత గట్టిగా చెప్పింది, తప్పకుండా వస్తాయని, ఆ తప్పకుండా అన్న మాటకే గడియారాలాయన కొట్టు పోయింది. ఇవాళ చెప్పడానికి సగం లెక్క, అదీ తన తప్పు తాను ఒప్పుకుంటే తప్ప చెప్పడానికి లేని లెక్క. డైరెక్టర్ గారు దిగేదాకా ఆగుదామా. సాయంత్రం వంతు వచ్చేదాకా. ఆగడం అన్న మాట రాగానే తను కిందికి జరిపిన వాక్యం కళ్ళ ముందుకొచ్చింది. దానికీ దీనికీ పోలిక లేదు, అక్కడ ఆగాలి, ఇక్కడ ఆగకూడదు. లేచి నిలబడింది. నిలబడే వరద పనులు చూసే కంట్రోల్ రూమ్‌కి ఫోన్ చేసింది.

ఎత్తింది డ్యూటీలో ఉన్న ఇంజనీరు. ఎప్పుడూ సూచన ఆయనకే పంపుతారు గానీ గొంతు వినడం అరుదు. ఆమె ఎవరో చెప్పింది, పొద్దున పంపిన అంకె తప్పని చెప్పింది. అటునుంచి కుర్చీ కదిలిన చప్పుడు.

"తప్పంటే? ఎక్కువా, తక్కువా?"

"తక్కువ చెప్పాం. ప్రోగ్రాంలో తప్పుంది. నేను పెట్టిందే."

"సరైనది ఎంతో ఖచ్చితంగా చెప్పగలరా మేడమ్?"

"చెప్పలేనండి. సగమే తెలిసింది."

"ఆ సగం ఎంత?"

"గట్టు అంచుకి బెత్తెడు కింద దాకా. అక్కడికి వచ్చేసరికి మా యంత్రం ఆగిపోయింది. నీళ్ళు ఆగలేదు."

అటు ఆయన ఏమేం ఆలోచిస్తున్నాడో ఆమెకు తెలుసు, తనూ అవే ఆలోచించింది. ఖాళీ చేయిస్తే, రాకపోతే, ఎవరు మాట పడాలి. "పోయినేడు కూడా మీ సంస్థే," అన్నాడు చివరికి, తప్పు పట్టినట్టు కాదు, గుర్తు చేసుకుంటున్నట్టు.

"అవునండి. పోయినేడు దొంగలు పడ్డారు. ఈసారి సందులకి రెండు వైపులా పోలీసుల్ని పెట్టండి. పెడతారని తెలిస్తేనే జనం కదులుతారు."

"రాతలో పంపిస్తారా?"

"ఇప్పుడే పంపిస్తా. నా పేరు మీదే."

పంపించింది. నాలుగు వాక్యాలు, అందులో రెండు తన తప్పు గురించి. పంపే ముందు ఒకటి చెరిపేద్దామా అనిపించింది, చెరపలేదు. అప్పుడు పిన్నికి చేసింది. మోగుతున్నంతసేపు, ఎత్తకపోతే బాగుండు అని ఒక మనసు, ఎత్తు ఎత్తు అని ఇంకో మనసు.

"పొడుగు చేతులే పెట్టానే, అయిపోయింది," అంది పిన్ని.

"పిన్నీ, నీళ్ళు రావొచ్చు."

మిషన్ ఆగింది. "రావొచ్చా, వస్తాయా?"

"తెలియదు."

"పోయినసారి అన్నీ తెలిసినట్టు చెప్పావు."

"ఈసారి తెలియదు పిన్నీ. లెక్క మధ్యలోనే ఆగిపోయింది. తప్పు కూడా నాదే." తర్వాతి మాట ఎప్పుడూ పిన్నితో అన్నది కాదు, బల్ల మీద కూర్చోబెట్టిన రోజు కూడా అనలేదు. "నాకు భయంగా ఉంది."

రేడియో కట్టేసిన చప్పుడు వినబడింది. తర్వాత పిన్ని గొంతు ఫోన్‌కి దూరంగా, గోడవైపు తిరిగి, ఏమ్మోయ్ వింటున్నావా, మిషన్ పైకెత్తాలి, మీవాణ్ణి ఇటు పంపు అని. అటునుంచి ఎవరిదో అరుపు, ఎందుకట, మళ్ళీ నీళ్ళమ్మాయేనా. అవును, మా పిల్లే, అంది పిన్ని, ఈసారి భయపడుతోంది, పద.

నీళ్ళు గట్టు దాటింది పొద్దు వాలేటప్పుడు. ఎండ ఇంకా మేడల పై అంచుల మీద ఉంది. ఆమె కూతుర్ని తీసుకొని మెట్ట మీది బడికి చేరేసరికి సందులోవాళ్ళు ముప్పాతిక మంది అక్కడే ఉన్నారు, మిగతావాళ్ళు మూటలతో ఎక్కి వస్తున్నారు. సందు రెండు చివర్లా నిలబెట్టిన పోలీసులు మోకాళ్ళ లోతు వచ్చాక వెనక్కి తగ్గారు. బడి మెట్ల మీదనుంచి చూస్తే పిన్ని ఇంటి తలుపు సగం దాకా గోధుమరంగు నీళ్ళు, కదలనట్టే కదులుతూ. గడియారాలాయన స్టూలు ఒక్కటే తేలుతూ పోయింది, ఆయన దాన్ని చూస్తూ పై మెట్టు మీద గడ్డం కింద చేతులు పెట్టుకొని కూర్చున్నాడు. ఎవరూ ఆమెను మెచ్చుకోలేదు, తిట్టలేదు, ఎవరి మూటలు వాళ్ళు లెక్కపెట్టుకుంటున్నారు. పొద్దున్నే చెప్పి ఉంటే ఆ బియ్యం, ఆ పుస్తకాలు, ఆ పరుపులు కూడా పైకి వచ్చేవి. ఎగువన ఇంకో మూడు ఊళ్ళు ఉన్నాయి, అక్కడ ఎవరు ఎవరికి ఫోన్ చేశారో. రేపు అడుగుతారు. అడగాలి కూడా.

చేతిలో ఫోన్ కదిలింది. వరసలో పెట్టి వచ్చిన లెక్కకు వంతు రావడమే కాదు, పూర్తయిందని కూడా కబురు. తెరవాలంటే బొటనవేలు ఒప్పుకోలేదు. మళ్ళీ ఏ వాక్యం ఎక్కడ జరిగి ఉందో, ఈ అంకెని మాత్రం ఎందుకు నమ్మాలి. పిన్ని పక్కనే ఉంది, తడిసిన చీర కుచ్చిళ్ళు పిండుకుంటూ.

"ఏమంటోంది?" అంది.

ఆమె తెరిచి చూసింది. ఒకటికి రెండుసార్లు చూసింది. "ఇంకో మూరెడు లేస్తాయట," అంది, తన గొంతు తనకే వినబడనంత చిన్నగా.

పిన్ని కింది మెట్ల వైపు తిరిగింది. అక్కడ పిల్లలు కాళ్ళు నీళ్ళల్లో పెట్టి ఆడుతున్నారు, పెద్దవాళ్ళు మూటలకు ఆనుకొని కునుకు తీస్తున్నారు.

"అందరూ ఇంకో నాలుగు మెట్లు పైకి జరగండి," అంది పిన్ని.

జనం లేచి మూటలెత్తుకున్నారు. ఎవరూ ఎందుకని అడగలేదు.